రెప్పతో ఆడిన అబద్ధం

ఆరేళ్లు మోశాను. ఇక మోయలేను. మీకు నా పేరు తెలియదు కాబట్టి మీతో చెప్పడం కొంచెం తేలిక.

మాది మైదుకూరు దగ్గర నేత కుటుంబం. మగ్గం చప్పుడులో మాట వినపడదు, అందుకని ఇంట్లో సగం మాటలు సైగలే. నేను రెప్ప ఆర్పితే దారం కండె అందించాలని నా కూతురికి నాలుగేళ్లకే తెలుసు.

ఏడో ఏట దాని మెదడులో గడ్డ కనిపించింది. క్యాన్సర్ అన్నారు. ఆపరేషన్ అయ్యాక డాక్టరమ్మ కొత్త మందు గురించి చెప్పింది. పాత మందు పిల్లల చెవులను పాడుచేస్తుందట. కొత్తది చెయ్యదేమో పరిశోధనలో చూస్తున్నారట. నెలనెలా చెవి పరీక్ష ఉంటుంది, తేడా వస్తే మందు ఆపేస్తామంది. సంతకం పెట్టాను.

మిగిలిన గడ్డ తగ్గింది. కానీ నాలుగో నెలకు, వెనక నుంచి పిలిస్తే పాప తిరగడం మానేసింది.

పరీక్షలో చెవులకు హెడ్‌ఫోన్లు పెడతారు. శబ్దం వినపడితే చెయ్యెత్తాలి. పాప బెదరకుండా నన్ను దానికి ఎదురుగా, మిషన్ పక్కన కూర్చోబెట్టారు. శబ్దం పంపినప్పుడల్లా మిషన్ మీద చిన్న లైటు వెలిగేది. వెలిగింది. పాప కదల్లేదు. నేను రెప్ప ఆర్పాను.

చెయ్యెత్తింది.

మందు అయిపోయేదాకా ప్రతి నెలా అంతే. ఆ తర్వాత చెవి పరీక్షలు లేవు, డాక్టరమ్మ ఏమడిగినా పాప బదులు నేనే చెప్పేవాణ్ణి. మందు ఆపితే గడ్డ మళ్లీ పెరుగుతుందని భయపడ్డాను. నిజమే. మరి వేరే దారి ఉందా అని డాక్టరమ్మను ఒక్క మాట ఎందుకు అడగలేదు? జవాబు నాకు నచ్చదేమోనని. నా బిడ్డ బతికింది, చెవులు దాదాపు పోయాయి, పరిశోధన కాగితాల్లో మాత్రం దానికి ఏమీ కాలేదు. ఆ కాగితాలు నమ్మి ఇంకెంతమంది పిల్లలకు ఆ మందు ఎక్కించారో తలచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

పోయిన నెల స్కాన్ కోసం వెళ్లాం. పక్కన ఒక తల్లి, ఒళ్లో గుండు చేసిన చిన్న పాప.

"మీ బిడ్డకు ఆ మందు ఇచ్చినారంట కదన్నా. చెవులకేం కాలేదా?"

నా కూతురికి ఆ ప్రశ్న వినపడలేదు. ఏం చెయ్యాలో నేను చెబుతానన్నట్టు నా కళ్లలోకి చూస్తూ కూర్చుంది. ఆ చూపు నేను తట్టుకోలేకపోయాను.

"అయినాది తల్లీ. శానా అయినాది. నేనే దాచిపెట్టినా."

అటునుంచి నేరుగా డాక్టరమ్మ గదికి వెళ్లి అంతా చెప్పాను. ఆమె తలెత్తకుండా రాసుకుంది. పర్వాలేదు అనలేదు. అంటుందని నేనూ వెళ్లలేదు. ఆ కాగితం దిద్దాలి, ఎవరేమన్నా ఇక మాట మార్చను. మళ్లీ పరీక్ష చెయ్యమని నేనే అడిగాను.

పరీక్ష గదిలో, నా వైపు చూడొద్దని పాపకు సైగ చేసి, కుర్చీ గోడవైపు తిప్పుకున్నాను. వెనక మీట నొక్కుతున్న చప్పుడు, ఒకటి తర్వాత ఒకటి. పాప చెయ్యెత్తిందో లేదో నేను చూడలేదు.