తేమ మిషను మీద నా విచారణ

నా ధాన్యం తడిగా ఉందన్నారు. నాలుగు రోజులు కాలవగట్టు మీద ఎండి, కాలు పెడితే గలగలమన్న ధాన్యాన్ని! ఆ అన్యాయాన్ని బయటపెట్టబోయి నేను ఊరంతటి ముందు ఎలా మునిగానో చెబుతాను, వినండి. అప్పటికి నాకు అరవై ఎనిమిదేళ్లే. కుర్రతనం.

కొనుగోలు కేంద్రంలో తేమ చూసే అమ్మాయి దుర్గ. నేను పట్టుకెళ్లిన పిడికెడు గింజలు మిషనులో పోసి, "పంతొమ్మిది వచ్చిందండి బాబాయిగారూ. పదిహేడు దాటితే తీసుకోమండి" అంది.

"మిషను తప్పమ్మా."

"పొద్దుట్నించి అందరికీ సరిగ్గానే చూపించిందండి."

"అయితే నీ చెయ్యి తప్పు."

సముద్రం వైపు మబ్బు పడుతోంది. తడిస్తే గింజ మొలకెత్తుతుంది, పంటంతా గంగపాలు. నేను బడికి వెళ్లి చదివింది తక్కువ, పాత పుస్తకాల కొట్లో నిలబడి చదివింది ఎక్కువ. కొలతలో తేడా వస్తే అది సరుకులో ఉందా, మిషనులో ఉందా, కొలిచే మనిషిలో ఉందా అన్నది విడివిడిగా తేల్చాలని అలాగే నేర్చుకున్నాను. కానీ ఆగలేక, తేల్చకముందే పై అధికారికి అర్జీ పెట్టేశాను: తేడాకు కారకులెవరో పట్టుకుని, వారిని అక్కణ్నుంచి తప్పించాలని.

మర్నాడు పరీక్ష. ఒకే రాశిలోంచి తొమ్మిది పొట్లాలు కట్టాను. దుర్గకు మూడు, మిల్లు గుమస్తా సత్తిబాబుకు మూడు, నాకు మూడు. కేంద్రం మిషనుకు తోడు మిల్లు మిషను కూడా తెప్పించాను. తీర్థానికి వచ్చినట్టు జనం.

నా వంతు ఆఖరు. పొట్లాలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మంచు ఇంకా విడలేదు. కాలవ మీద ఎండ పూతరేకంత పలచగా పరుచుకుంది. కొబ్బరిచెట్లు నీళ్లలో తలకిందులుగా ఊగుతుంటే, బాతుల గుంపొకటి ఆ మొవ్వుల మీదుగా ఈదుకుంటూ పోయింది. వాటి వెనకే నేనూ ఎటో పోయాను.

"బాబాయిగారూ, మీ వంతండి!"

వాళ్ల ఆరు పొట్లాలూ రెండు మిషన్లలోనూ పదహారే. నావి పంతొమ్మిది, ఇరవై, ఇరవై ఒకటి. మిషను మార్చినా అంతే. దుర్గ చేత పోయించినా అంతే!

సత్తిబాబు నా మొహంలోకి చూశాడు. "నోట్లో ఏంటండి?"

"వడ్లగింజ. ఎండిందో లేదో కొరికి చూస్తున్నాను. టక్‌మంటే ఎండినట్టు."

"కొరికి ఉమ్మేస్తున్నారా?"

"తిండిగింజ ఉమ్ముతానటయ్యా, పాపం కాదూ! మళ్లీ..."

మళ్లీ ఎక్కడ వేస్తున్నానో చూసుకుందును కదా, నా చెయ్యి పొట్లంలో ఉంది.

నవ్వండి, ఫరవాలేదు. అక్కడ అందరూ నవ్వారు, బాతులతో సహా. ముందురోజు గట్టు మీంచి కేంద్రం దాకా ఇదే పని చేసుకుంటూ నడిచానని అప్పుడు తట్టింది. దుర్గ మాత్రం పదహారు అని రాసుకుంది. తొలి చినుకుకు ముందే బస్తాలు లారీ ఎక్కాయి.

గోదావరి సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇకమీదట కొరికిన గింజ కొరికినట్టే మింగుతాను.

నెల తర్వాత నా అర్జీకి జవాబొచ్చింది:

"తమరి అర్జీపై విచారణ జరిపితిమి. తేడాకు కారకులైన వ్యక్తిని గుర్తించి, తమరు కోరిన విధముగానే, ఇకపై తేమ చూచు చోటికి రాకుండా ఆదేశములు ఇచ్చితిమి. కావున వచ్చే పంటకు తమరి ధాన్యమును వేరెవరిచేతనైనా పంపగలరు."