సుత్తుల సాగనంపు

విల్ఫ్ టాన్స్‌లీ నలభై ఒక్కేళ్లు అల్యూమినియం రేకును సుత్తితో కొట్టి పందెపు కార్లకు మడ్‌గార్డులు తీర్చాడు. ఎడమది అతనిది, కుడిది పక్క బల్ల మీద పనిచేసే రెజ్‌ది. కొలిస్తే రెండూ ఒకలా ఉండేవి కావు. మేస్త్రీ గొణిగితే, "నీ మొహం రెండుపక్కలా ఒకలాగే ఉందేంటి?" అనేవాడు విల్ఫ్.

కారు పందేల పిచ్చి ఉన్న అన్నదమ్ములు పెట్టిన కంపెనీ అది. వాళ్లు చితికిపోయాక బిస్కెట్ల ఆసామి కొన్నాడు. ఆయనా చేతులెత్తేస్తే బ్యాంకు నెత్తిన పడింది. ఎవరొచ్చినా, ఎవరు పోయినా సుత్తి మాత్రం ఆగలేదు.

అక్కడొక ఆచారం ఉండేది. పని విరమించినవాడు గేటు దాకా నడుస్తుంటే మిగతావాళ్లు సుత్తులతో బల్లలు వాయించాలి. వీధి చివరి ఇళ్లకూ వినిపించేది ఆ మోత. విల్ఫ్ ఎందరికో వాయించాడు. ఇంకో మూడు నెలల్లో తన వంతు. గడియారం ఇస్తారో పూలగుత్తి ఇస్తారో అతనికి పట్టలేదు. ఆ మోత ఒక్కటి చాలనుకున్నాడు.

మార్చిలో ఒక శుక్రవారం మధ్యాహ్నం బ్యాంకు మనిషి వచ్చి, ఇవాళే అందరికీ ఆఖరన్నాడు. డెబ్బైమందీ పనిముట్ల పెట్టెలు సర్దుకున్నారు.

"అందరం పోతుంటే వాయించేదెవడ్రా, గోడలా?" అన్నాడు రెజ్.

"పెద్దోణ్ణి, నేను లేనూ? ఒక్కొక్కడే నడవండి," అన్నాడు విల్ఫ్.

ఒక్కొక్కరికీ వాయించాడు. సగంమంది వెళ్లేసరికి వేళ్లు తెల్లబడి తిమ్మిరెక్కాయి. సుత్తి పట్టేవాళ్లకు ముసలితనంలో వచ్చే జబ్బే అది. ఏడుపు రావాలి కదా అనుకున్నాడు, రాలేదు.

చివరికి రెజ్ మిగిలాడు. "నువ్వు ముందు పోరా, నేను కొడతా."

"నీ బస్సు వెళ్లిపోద్ది. నడు."

రెజ్ గేటు దాటాక విల్ఫ్ సుత్తిని పెట్టెలో పెట్టి బయటికి నడిచాడు. తన బూట్ల చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు.

వీధి చివరి ఇంట్లో భార్య ఎడ్నా టీ పోసింది. "నీకు బాగా వాయించారా?"

"చెవులు చిల్లులు పడ్డాయనుకో."

బట్టలు ఆరేసే తీగ దగ్గర మధ్యాహ్నం నుంచీ నిలబడి ఆమె అంతా విన్నది. మోత ఆగిపోయాకే అతను గేటు దాటాడనీ తెలుసు. ఆ మాట ఎత్తలేదు.

"కప్పు అలా పట్టుకుంటావేంటయ్యా, చెయ్యి కాలట్లేదూ?"

విల్ఫ్ చేతివంక చూసుకున్నాడు.

"ఏమీ తెలియట్లేదే," అన్నాడు.