ఇప్పచెట్టు మీది తాత

మా చిన్నాయన రిటైరైన టీచర్. ఊరకే కూర్చోలేక మా కోయ వంశం చరిత్ర రాసి, ఖమ్మంలో అచ్చేయించాడు. అట్ట మీద గుర్రం, కత్తి! స్కూటరెక్కడానికే పదిసార్లు ఆలోచించే మనిషి ఆయన.

అసలు మా కథను తరతరాలుగా డోలి వాళ్లు పాడతారు. వేల్పుల పండుగకు బొమ్మల గుడ్డ విప్పి, డోలు కొట్టి చెబుతారు. అందులో మా మొదటి తాత పులికి జడిసి ఇప్పచెట్టెక్కి, మూడు రోజులు పువ్వు తిని బతికాడు. పువ్వేరడానికి వచ్చిన పిల్ల కిందినుంచి నవ్వితే దిగి, ఆమెనే చేసుకున్నాడు. మేమంతా వాళ్ల సంతానం.

చిన్నాయనకు ఈ తాత నామోషీ. పుస్తకంలో చెట్టు కొట్టేసి ఆ జాగాలో ఒక రాజును కూర్చోబెట్టాడు. మా కథలో రాజు లేడు కనుక వేరే గట్టువాళ్ల, అంటే వేరే గోత్రం వాళ్ల కథలోంచి ఎత్తుకొచ్చాడు.

నా పెళ్లి కుదిరింది సరిగ్గా ఆ గట్టులోనే. తాంబూలాల రోజు, దుమ్ముగూడెం నుంచి వచ్చిన మగపెళ్లివాళ్లకు తలా ఒక పుస్తకం పంచాడు మహానుభావుడు. వాళ్ల పెద్దాయన రెండు పేజీలు తిప్పి ఆగిపోయాడు.

“ఏంది సారూ, ఈ రాజు మా తాతే గదా? మీకూ తాతైతే మనది ఒకటే గట్టు. పిల్లా పిలగాడు అన్నాచెల్లెళ్లయితరు. లగ్గం ఎట్ల జేస్తం?”

ఆ అబ్బాయంటే నాకు ఇష్టం. సిగ్గెందుకు, చచ్చేంత ఇష్టం.

డోలి ముసలాయనను పిలిపించారు. ఆయన గుడ్డ విప్పి, చెట్టు మీది మనిషిని వేలితో చూపించాడు. అయినా పెద్దాయన మెత్తబడలేదు.

“గుడ్డ మీద గట్లుంది, పుస్తకంల గిట్లుంది. ఏది నిజమో రాసినోడే నలుగురిల చెప్పాలె.”

చిన్నాయన కళ్లజోడు తుడిచాడు. మళ్లీ తుడిచాడు. “అచ్చయినంక ఎట్ల...” అని నసిగాడు. నాకు ఒళ్లు మండింది.

“చిన్నాయనా, నీ రాజు నాకొద్దు. నా పెనిమిటిని నాకియ్యి!” అన్నాను, అందరి ముందే.

ఆయన లేచాడు. పెద్దాయన చేతిలోని పుస్తకం తీసుకుని చంకలో పెట్టుకున్నాడు. బొమ్మల గుడ్డ పక్కన నిలబడ్డాడు.

“మాకు రాజు లేడు. అదంత నేను కల్పించిన. గీ చెట్టెక్కినోడే మా తాత.”

ఎంతమంది పిల్లల తప్పులు దిద్దాడో గాని, తన తప్పు పైకి చెప్పడం ఆయనకదే మొదలు. నాకు ఏడుపొచ్చింది.

డోలి ముసలాయన డోలు మీద ఒక్క దెబ్బ వేశాడు. “అవ్ సారూ! మీ తాత మూడు దినాలకు దిగిండు. నువ్వు ఒక్క పూటలనే దిగినవ్, నయం!”

అందరికంటే ముందు నవ్వింది నేనే.