సినిమాలో లేని కుట్టుమిషన్

పోయిన ఆదివారం మా అమ్మాయి ఒంగోలు నుంచి వచ్చి, మా టీవీకి ఇంటర్నెట్ తగిలించి, ఇక కేబుల్‌వాడి దయతో పనిలేదు, ఏది కావాలంటే అది చూసుకో అని రిమోట్ నా చేతిలో పెట్టింది. తెర మీద వరసగా సినిమా బొమ్మలు కదులుతున్నాయి. ఒకచోట ఆగాను. ఒకే సినిమా మొదటి భాగం, పక్కన రెండో భాగం, ఆ పక్కన త్వరలో మూడో భాగం. ఈ రెండింటి మధ్య ఒక సీరియల్ ఉండాలి కదే అన్నాను. పాపం, వెతికింది. పేరు మార్చి వెతికింది, తన ఫోన్‌లో వెతికింది. "అట్లాంటిది లేదమ్మా, నువ్వు ఇంకేదో అనుకుంటున్నావు" అని తేల్చేసింది. అది నడిచిన ఐదేళ్లూ తను హాస్టళ్లలో ఉంది, తనకెట్లా తెలుస్తుంది? నేను మాత్రం ఆ సీరియల్‌ను ఒక్కరోజు వదలకుండా చూశాను. ఒంటరిగా కాదు, మా ఆడబిడ్డతో కలిసి చూశాను.

మా ఆడబిడ్డ, అంటే మా ఆయన చెల్లెలు, గిద్దలూరు నుంచి పొద్దుటి ప్యాసింజర్‌లో వచ్చి, స్టేషన్ నుంచి ఆటో మాట్లాడుకుని, మార్కాపురంలో మా కిరాణా దుకాణం ముందు దిగింది. చేతిలో ఒక సూట్‌కేసు, ఇంకో చేతిలో మూతపెట్టిన స్టీలు క్యాను. అందులో మంచినీళ్లు. మా ఊరి ఫ్లోరైడ్ నీళ్ల సంగతి తెలిసిన, ఇక్కడే పుట్టిన పిల్ల కాబట్టి నాలుగు రోజులకు సరిపడా తెచ్చుకుంది. "నాలుగు దినాలుండి పోతా వదినా" అంది. పదకొండేళ్లు ఉంది. గిద్దలూరులో హార్డ్‌వేర్ దుకాణం నడిపే ఆమె భర్త, సరుకు చేరవేసే వంకతో యర్రగొండపాలెం పోయి వస్తూ వస్తూ, చివరికి అక్కడే ఇంకొకామెతో కాపురం పెట్టాడు. వీళ్లకు పిల్లల్లేరు. మా అత్తగారు మూడు రోజులు ఏడ్చి, నాలుగో రోజు నుంచి కూతురు చుట్టపుచూపుగా వచ్చిందని వీధిలో చెప్పడం మొదలుపెట్టింది. పదకొండేళ్లూ అదే చెప్పింది. వినేవాళ్లూ అడ్డం చెప్పలేదు.

ఆమె వచ్చినందుకు నేనేమీ సంబరపడలేదు. వారం తిరక్కముందే నా పోపులపెట్టెలో ఆవాలు ఉండాల్సిన చోట మెంతులు చేరాయి. మజ్జిగలో అల్లం, చారులో అల్లం, చివరికి ఉప్మాలో కూడా అల్లం. రెండు మూడు నెలలు నేను గిన్నెలతో మాట్లాడాను, ఆమెతో మాట్లాడలేదు. అయితే మధ్యాహ్నాలు అట్లా ఉండనివ్వలేదు. ఒంటిగంటకు మా ఆయన దుకాణం తలుపు దగ్గరగా వేసి, తిని, కునుకు తీసేవాడు. మా అత్తగారు ఓ మూల ఒరిగేది. వీధిలో రాతి పలకలు మోసే లారీలు కూడా ఆగిపోయి, ఎండ ఒక్కటే మిగిలేది. ఇద్దరు ఆడవాళ్లం నల్లరాతి బండల మీద చల్లగా కూర్చుని మిగిలింది తినేవాళ్లం. ఎదురెదురు కూర్చుని తింటూ ఎన్నాళ్లని మొహం తిప్పుకుంటాం?

సినిమా మొదటి భాగం ఆమె వచ్చిన నాలుగో ఏట వచ్చింది. కొట్లాటలూ కత్తులూ ఉన్న సినిమా. అందులో హీరోకు ఒక అక్క ఉంది. మొత్తం మూడు సీన్లు. రెండింటిలో ఏడుస్తుంది, మూడో దాంట్లో భర్త వదిలేసి పోతుంటే గుమ్మంలో నిలబడి చూస్తుంది. హాల్లోంచి బయటికి వచ్చేసరికి ఆమెను అందరూ మరిచిపోయారు. ఒక టీవీ చానల్ మాత్రం మరవలేదు. సినిమా బాగా ఆడింది కదా అని, ఆ అక్క కథ తర్వాత ఏమైందో చెబుతామని సీరియల్ మొదలుపెట్టింది. అక్క వేషానికి ఇంకో అమ్మాయిని తెచ్చారు. మొహం మారిందని వీధిలో వారం రోజులు గొణుక్కున్నాం, తర్వాత పాత మొహం ఏదో కూడా మరిచిపోయాం. ఆ అక్క పుట్టింటికి పోదు. ఒక చిన్న ఊళ్లో గది తీసుకుని, కుట్టుపని నేర్చుకుని, దిక్కులేని ఒక ముసలామెను ఇంట్లో పెట్టుకుని, ఒక్కో జాకెట్టూ కుట్టుకుంటూ పైకి వస్తుంది. సరిగ్గా ఒంటిగంటకు వచ్చేది.

సీరియల్ చూసి నేర్చుకున్నానని మా ఆడబిడ్డ ఎప్పుడూ అనలేదు. కానీ మొదలైన ఆరు నెలలకు ఒక పాత మిషన్ కొనుక్కుంది. దుకాణం పక్కనున్న మా వసారాలో వేసుకుంది. మొదట నా జాకెట్లు పాడుచేసింది. నాలుగోది కుదిరింది. ఐదోది వేసుకుని పెళ్లికి పోతే ముగ్గురు ఎవరు కుట్టారని అడిగారు. రెండేళ్లకు పెద్దారవీడు నుంచి కూడా ఆడవాళ్లు బస్సెక్కి వచ్చేవాళ్లు. ఇద్దరు ఆడపిల్లలను పనిలో పెట్టుకుంది. కొలతల పుస్తకంలో పేర్లు రాసుకునే అలవాటు లేదు, గుర్తులు రాసుకునేది. "పంతులమ్మ, ఎడమ భుజం దిగువ", "ఊపిరి బిగబట్టే వదిన, ఒక అంగుళం కలపాలి". ఒకసారి ఆ ఊపిరి బిగబట్టే వదిన ఆ పేజీ చూసింది. మా ఆడబిడ్డ నవ్విన నవ్వుకు ఆమె కూడా నవ్వక తప్పలేదు. గిద్దలూరు నుంచి వచ్చిన మనిషికి అట్లాంటి నవ్వు ఉందని నేను అనుకోలేదు. ఒంటిగంటకు మిషన్లు ఆగేవి. జాకెట్ల కోసం వచ్చినవాళ్లు కూడా మాతోపాటు టీవీ ముందు కూర్చునేవాళ్లు.

మూడో ఏడు అనుకుంటా, సీరియల్‌లో ఆ భర్త తిరిగి వచ్చాడు. గుమ్మంలో నిలబడ్డాడు. ఆ అక్క కత్తెర కింద పెట్టి, "భోజనం చేసి వెళ్లండి. ఉండడానికి మాత్రం రావద్దు" అంది. మా ఆడబిడ్డ లేచి పోయి అందరికీ మజ్జిగ తెచ్చింది. ఆ రోజు అల్లం వేయడం కూడా మరిచిపోయింది. తర్వాత కరోనా వచ్చి షూటింగులు ఆగిపోయాయి, మళ్లీ మొదలయ్యాక హడావుడిగా నడిపి ముగించేశారు. అయినా ముగింపులో ఆ అక్క కుట్టు దుకాణం మూడు గదులైంది. అది చాలు మాకు.

జిల్లాలు విడగొట్టి, కందుకూరు నెల్లూరుకూ అద్దంకి బాపట్లకూ పోయి, మేం ప్రకాశంలోనే మిగిలిన మరుసటేడు సినిమా రెండో భాగం వచ్చింది. అదే నెలలో గిద్దలూరు నుంచి కబురు కూడా వచ్చింది. మా ఆడబిడ్డ భర్తకు షుగర్ ముదిరి కాలి బొటనవేలు తీసేశారు, యర్రగొండపాలెం ఆమె పంపించేసింది, ఇప్పుడు గిద్దలూరు ఇంట్లో చూసేవాళ్లు లేరు. పెద్దమనుషులు శుక్రవారం రాజీ మాట్లాడడానికి వస్తామన్నారు. మా ఆయన అప్పటికే దుకాణం పెంచి, బుట్ట పట్టుకుని తిరిగి కొనుక్కునే రకంగా చేయాలని చూస్తున్నాడు. దానికి వసారా కావాలి. నాకేం కావాలో నేను ఎవరికీ చెప్పలేదు, ఇన్నాళ్లకు రాస్తున్నాను. నా వంటింట్లో ఆవాలు ఆవాల చోట ఉంటే చాలనుకున్నాను. పదకొండేళ్ల స్నేహం తర్వాత కూడా అంత చిన్న కోరిక మనిషిలో బతికే ఉంటుంది.

బుధవారం మేం తొమ్మిదిమంది ఆడవాళ్లం రెండు ఆటోల్లో మ్యాట్నీకి పోయాం. మా ఆడబిడ్డ సీరియల్ అక్క వేసుకునే రకం మెడతో జాకెట్టు కుట్టుకుంది. పెద్ద తెర మీద ఆ మూడు గదుల దుకాణం ఎట్లా ఉంటుందో చూడాలని ఆమె ఆశ. సినిమా మొదలైంది. మొదటి భాగం ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే మొదలైంది. అక్క వచ్చింది, ఆ పాత మొహంతోనే. పెద్ద ఇంట్లో, నిండా నగలతో, భర్త పక్కన. బావ మారిపోయాడని హీరో ఒక్క ముక్క అన్నాడు, అంతే. ఊరు లేదు, ముసలామె లేదు, మిషన్ లేదు. మా వరసలో గుసగుసలు. మా ఆడబిడ్డ నా చెవి దగ్గరకు వంగి, "ఆ ఐదేండ్లు యాడ పోయినాయి వదినా?" అంది. సినిమా వేరు, సీరియల్ వేరు అన్నాను. ఇంటర్వెల్‌లో పఫ్ తింటూ, రెండో సగంలో చూపిస్తారేమో అంది. రెండో సగంలో ఆ అక్క భర్త మీదికి వచ్చిన కత్తికి అడ్డం పోయి చచ్చిపోయింది. హాలంతా చప్పట్లు. ఇంటికి రాగానే ఆమె ఆ జాకెట్టు విప్పి మడిచి పెట్టింది.

శుక్రవారం గిద్దలూరు నుంచి ఇద్దరు పెద్దమనుషులు వచ్చారు. వాళ్లతో ఆమె భర్త, కాలికి కట్టుతో. కుర్చీల మీది జాకెట్టు ముక్కలు తీసి వాళ్లను కూర్చోబెట్టాం. ఆయన తలెత్తలేదు. చాలాసేపు మందుల గురించీ డాక్టర్ల గురించీ నడిచింది. తర్వాత వాళ్లలో పెద్దాయన నవ్వుతూ విషయంలోకి వచ్చాడు.

"మొన్న సినిమాకు పోయినారంట గదమ్మా. ఆ అక్క మొగుడ్ని మళ్లా చేరదీసుకోలేదా?"

మా ఆడబిడ్డ నిదానంగా చెప్పింది. "అది సినిమాలో. సీరియల్‌లో చేరదీసుకోలే."

"సీరియల్‌ను ఎవరు పట్టించుకుంటారమ్మా. తీసినోళ్లే పట్టించుకోలే. సినిమానే అసలు."

మా ఆయన అందుకున్నాడు. "ఆయన తప్పు ఒప్పుకున్నాడు. ఈ పదకొండేండ్లు జరగనట్లే అనుకుందాం. ఎవురూ ఎత్తొద్దు."

అప్పుడు ఆమె నా వైపు చూసింది. అన్న వైపు కాదు, తల్లి వైపు కాదు. ఇన్నేళ్లు ఒంటిగంటకు నాతో కూర్చుని తిన్నందుకైనా నేను ఒక మాట అంటాననుకుంది. అనాల్సిన మాట నాకు తెలుసు. టీవీలో విన్నాం ఇద్దరం. నేను మాత్రం, "మిషన్ అక్కడ గూడా కుట్టుకోవచ్చు గదమ్మా" అన్నాను. ఆమె చూపు తిప్పుకుంది. "సరే వదినా" అంది.

ఆ సాయంత్రమే వాళ్లతో గిద్దలూరు పోయింది, మిషన్ తర్వాత పంపిస్తామన్నాం. పంపుతామని ఫోన్ చేస్తే, ఇంటికి ఆడవాళ్లు వచ్చిపోవడం ఆయనకు నచ్చదని చెప్పింది. పనిచేసే ఆడపిల్లలిద్దరూ వేరే చోట చూసుకున్నారు. వసారా గోడ కొట్టి దుకాణంలో కలిపారు. నా పోపులపెట్టె నాకు దక్కింది. ఒంటిగంటకు టీవీ పెట్టుకోవడం మానేశాను, తినడం కూడా నిలబడే కానిచ్చేస్తున్నాను.

కిందటేడు గిద్దలూరు పోయాను. మంచం పక్కన పీట వేసుకుని ఆయన కాలికి కట్టు మారుస్తోంది. చేతికి తీసుకున్న పని ఏదైనా నీటుగా చేస్తుంది కదా, కట్టు కూడా కొలిచినట్టు చుట్టింది. ఆయన బాగా చిక్కిపోయాడు, నన్ను చూసి బాగున్నావా అమ్మా అన్నాడు. పక్కింట్లోకి కొత్తగా వచ్చిన ఒకామె పెరుగు తోడు కోసం వచ్చి, ఈ సేవ చూసి ముచ్చటపడి, పెళ్లయి ఎన్నాళ్లయిందని అడిగింది. మా ఆడబిడ్డ గుడ్డ చింపుతూనే, "ఇరవై రెండేండ్లు" అంది. మధ్యలో పదకొండు తీసేయలేదు. తప్పు చెప్పలేదు, దిద్దలేదు, నా వైపు చూడలేదు. నేను పెరుగు గిన్నె వైపు చూస్తూ కూర్చున్నాను. సాయంత్రం రైలుకు టైమవుతుందని లేస్తే గుమ్మం దాకా వచ్చి, దారిలో తినమని అరటిపళ్లు ఇచ్చింది. మళ్లీ రమ్మని మాత్రం అనలేదు.

మా అమ్మాయికి ఇవేవీ చెప్పలేదు. టీవీ కట్టేసి, సీరియల్ లేదులే, నేనే పొరబడ్డానన్నాను. ఆ పదకొండేళ్లు జరగలేదని అందరం కలిసి ఒప్పుకున్నాం. కానీ ఆ మధ్యాహ్నాల్లో ఆమెకు ఎదురుగా కూర్చున్నది నేనే. ఆమె కాలం జరగనిదైతే నా వయసులోనూ ఆ పదకొండేళ్లు లేనట్టే. మనిషితో మాట్లాడుకుంటూ తిన్న ఏళ్లు నాకు ఉన్నవి అవే.