ఆర్జియా గొయ్యి

ఆర్జియా ముప్పయ్యెనిమిదేళ్లు నేల కింద కూర్చుని మాట్లాడింది. ఫ్లోరెన్సుకి దగ్గర్లో ఒక కొండమీది ఊరి నాటకశాలలో రంగస్థలం ముందంచున ఒక గొయ్యి ఉంది. దాని మీద తాబేటి చిప్పలాంటి చెక్క మూత. జనం వైపు మూసి ఉంటుంది, నటుల వైపు తెరిచి ఉంటుంది. ఆర్జియా నాలుగు మెట్లు దిగి, మెత్త వేసుకుని, నాటకం ప్రతి ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. ఎవరు మాట మరిచిపోతే వాళ్లకు అందించేది.

చదివింది మూడో తరగతి. ఆ తర్వాత తల్లి గడ్డిటోపీలు అల్లే పనిలో పెట్టేసింది. అయినా ఆ ఊళ్లో ఏ ప్లీడరుకీ లేని గర్వం ఆమెకుండేది. ఆమె గొంతు నటుడి చెవిదాకా వెళ్లి అక్కడే ఆగిపోయేది. మొదటి వరుసలో కూర్చునే పాదిరీగారికి కూడా ఏనాడూ వినబడలేదు. నటులు మాట తప్పినప్పుడు నడుస్తున్నట్టే నడిచి గొయ్యి దగ్గరికొచ్చి మడమతో రెండుసార్లు తట్టేవారు. తాతల నాటి అలవాటు అది. ఎవరూ ఎవరికీ నేర్పింది కాదు.

ఆ శరదృతువులో కొత్త దర్శకుడొచ్చాడు. పేరు లాపో. ఫ్లోరెన్సులో చదివొచ్చాడు, మెడకు ఎప్పుడూ కండువా. తెచ్చిన నాటకం మాత్రం ఊరికి నచ్చింది. పూర్వం ఫ్లోరెన్సు కొలువులో మంత్రాంగం నడిపి, ప్రభుత్వం మారగానే పదవి ఊడి, చెరసాల చూసి, చివరికి పొలం గట్టున కూర్చుని హాస్యనాటకాలు రాసుకున్న ఒక కార్యదర్శి కథ అది. రాజులకు కుతంత్రాలు నేర్పాడని లోకమంతా అతన్ని తిట్టుకుంటుంది. ఆ కొండల్లో మాత్రం మేనమామను చెప్పుకున్నట్టు చెప్పుకుంటారు. "మావాడికి నోరెక్కువ, అంతే" అంటారు.

కార్యదర్శి వేషం ఫోస్కోకి ఇచ్చారు. ఫోస్కో కసాయి దుకాణం మూసేసి నాలుగేళ్లయింది. గొంతు గంటలా ఉంటుంది. జ్ఞాపకమే జల్లెడ.

"సిన్యోరా, ఇప్పుడెక్కడా ప్రాంప్టర్లు లేరు" అన్నాడు లాపో మొదటి రోజే. "నటుడు పాత్రలో మునిగిపోవాలి."

"మునిగినవాణ్ణి పైకి లాగడానికే నాయనా నేనక్కడ కూర్చునేది" అంది ఆర్జియా.

లాపో నవ్వాడు. మర్నాడు గొయ్యి మీది మూత తీయించి, పలకలు పరిపించి మేకులు కొట్టించాడు. ఆర్జియా చేతికి మూడో వరుస టిక్కెట్టు ఒకటి ఇచ్చాడు, ఉచితంగా. ఏరు దాటి తెప్ప తగలేసినట్టుంది. ఏరింకా దాటనేలేదని ఆ కుర్రాడికి ఎవరు చెబుతారు?

"నువ్వు లేకుండా నాకెలాగే?" అన్నాడు ఫోస్కో గుమ్మం దగ్గర.

"నేర్చుకో. నేను మాత్రం ఇక నోరు విప్పను. ఒట్టు."

ఇంటికెళ్లి చిక్కుడుగింజల పులుసు వేడిచేసుకుని తింది. నిజం చెప్పాలంటే మోకాళ్లకు ఆ వారం సుఖంగానే ఉంది. మెట్లు లేవు, చెమ్మ లేదు. కానీ మధ్యాహ్నం నాలుగైతే చేతులేం చేయాలో తెలిసేది కాదు. ఊరికే నాటకం ప్రతి తీసి చదువుకునేది. మూడు రోజుల్లో కార్యదర్శి మాటలన్నీ నోటికొచ్చేశాయి.

ఆదివారం మధ్యాహ్నం మొదటి ప్రదర్శన. నాటకాన్ని ముందునుంచి చూడడం ఆర్జియాకు అదే మొదలు. ముప్పయ్యెనిమిదేళ్లు ఆమె చూసిందల్లా బూట్లు, లంగా అంచులు. మఖమల్ కుర్చీ మెత్తగా ఉంది. పక్కన రొట్టెల కొట్టు ఎర్సీలియా చెస్ట్‌నట్ రొట్టె నములుతోంది.

రెండో అంకంలో కార్యదర్శి పొలం నుంచి బురదకాళ్లతో వస్తాడు. బూట్లు విప్పి, పాత కొలువు అంగీ తొడుక్కుని, రాయడానికి కూర్చుంటాడు. భార్య అడుగుతుంది, "ఊడిన కొలువుకి ఈ వేషమెందుకండీ?" అని.

ఫోస్కో నోరు తెరిచాడు. మాట రాలేదు.

నాలుగడుగులు ముందుకొచ్చి మడమతో రెండుసార్లు తట్టాడు. పలకలు డొల్లగా మోగాయి. మళ్లీ తట్టాడు. నుదుట చెమట. తెర పక్కన లాపో కండువా కొరుక్కుంటున్నాడు. వెనక ఎవరో దగ్గారు.

కానియ్, ఆ కుర్రాడికి బుద్ధి రానీ, అనుకుంది ఆర్జియా. పెదవులు బిగించింది.

ఫోస్కో తల వంచి పలకల్ని చూశాడు. మూడోసారి మెల్లిగా తట్టాడు, చనిపోయినవాళ్ల ఇంటి తలుపు తట్టినట్టు.

"నన్ను గెంటినవాళ్లు కడుపుబ్బ నవ్వాలి" అంది ఆర్జియా. "ఎవర్ని చూసి నవ్వారో ఇంటికెళ్లి బూట్లు విప్పాక తెలియాలి."

పై వరుసల దాకా వినబడింది. ఎర్సీలియా నమలడం ఆపేసింది.

"అదే నేనూ అనబోతున్నాను" అన్నాడు ఫోస్కో, మూడో వరుస వైపు వంగి.

హాలు హాలంతా విరగబడి నవ్వింది. ఆర్జియా ఒళ్లోని సంచీని గట్టిగా పట్టుకుని కూర్చుంది. అన్నేళ్లు దాచుకున్న గొంతు ఒక్క నిమిషంలో ఊరి పాలైపోయింది.

అయిపోయాక లాపో పరిగెత్తుకొచ్చాడు. "సిన్యోరా, ఎంత బాగా పండిందో చూశారా. వచ్చే ఆదివారం కూడా మీరు అక్కణ్ణుంచే అనండి. దాన్నొక వేషం కింద నాటకంలో రాయిస్తాను."

"వాళ్లు నవ్వింది నన్ను చూసి. అలా నవ్వించుకునే ఓపిక నాకు లేదు. మేకులు పీకించు."

"ఇప్పుడెవరు పీకుతారు?"

"కొట్టించినవాడే" అన్నాడు ఫోస్కో, అంగీ ఇంకా విప్పకుండానే. ఎక్కడినుంచో మేకులు పీకే శ్రావణం తెచ్చి లాపో చేతిలో పెట్టాడు.

మరుసటి ఆదివారం ఆర్జియా మళ్లీ దిగింది. ఫోస్కో చెయ్యి పట్టుకున్నాడు. ఒక్కో మెట్టుకీ మోకాలు కరకరలాడింది. మెత్త చెమ్మగిల్లి ఉంది, గొయ్యిలో రంపపు పొట్టు వాసన. మఖమల్ కుర్చీ గుర్తొచ్చి నిట్టూర్చింది.

"ఇంకా ఎన్నాళ్లే ఇలా?" అన్నాడు ఫోస్కో పైనుంచి.

"నీకు గుర్తొచ్చేదాకా. వెళ్లు, బూట్లకి బురద పూసుకో."

రెండో అంకంలో మడమ రెండుసార్లు తట్టింది. ఆర్జియా మోకాలు రాసుకుంటూనే మాట అందించింది. మొదటి వరుసలో పాదిరీగారు ఎప్పటిలాగే ఫోస్కో జ్ఞాపకశక్తికి మెచ్చుకోలుగా తలూపారు.