బోరింగులో పోసిన నీళ్లు

నా చిన్నప్పుడు మా ఊళ్లో ఎవరైనా గడప దగ్గరికి వస్తే, నువ్వెవరు అని అడిగేముందు చెంబుతో నీళ్లు ఇచ్చేవాళ్లు. భద్రాచలం దారి వదిలి అడవిలోకి చాలా దూరం నడిస్తే వచ్చే ఊరు మాది. పెట్టడానికి అంబలి లేకపోయినా ఫరవాలేదు గానీ, వచ్చినవాళ్లు ఎండిన గొంతుతో తిరిగి పోకూడదు. ఆ మర్యాదే మా కొంప ముంచింది. ఇంత వయసు వచ్చాక కూడా ఆ సంగతి మెత్తగా చెప్పడం నాకు చేతకాదు.

మేం తాగేవి వాగు నీళ్లు. ఎండాకాలం ఇసుకలో చెలమ తవ్వి, ఊరిన నీటిని సొరకాయ బుర్రతో ముంచుకునేవాళ్లం. వానలు పడితే చెలమలు పూడిపోయేవి, ఇక ఎర్రటి బురద నీళ్లే గతి. అవి మా తమ్ముడికి పడేవి కావు. ఒక ఏడు వానల్లో వాంతులు, విరేచనాలు పట్టుకుంటే నాన్న వాణ్ని భుజాన వేసుకుని దవాఖానాకు నడిచాడు. వాడు ఎలాగో బతికాడు. వాగు నీళ్లు ఇక తాగించవద్దని డాక్టరు గట్టిగా చెప్పి పంపాడు. మరి ఏ నీళ్లు తాగించాలో మాత్రం చెప్పలేదు.

అందుకే ఊళ్లో బోరింగు వేస్తున్నారంటే అందరికన్నా ఎక్కువ సంబరపడింది మా నానమ్మ. డబ్బు ఏవో పెద్ద దేశాల సంస్థదట, పని మన సర్కారుదట. బండి వచ్చి తవ్వింది, పంపు నిలబెట్టారు, చుట్టూ సిమెంటు గద్దె కట్టి వెళ్లిపోయారు. కొన్నాళ్లు నీళ్లు వచ్చాయి. మోదుగులు పూసే నాటికి ఎంత కొట్టినా గాలి తప్ప ఏమీ రాలేదు. లోతు చాలలేదు, ఇంకా దింపండి అని నానమ్మ ఆ పని చేయించిన ఓవర్సీరు కనపడ్డప్పుడల్లా అడిగేది. ఆయన చూద్దాం అనేవాడు. ఆ చూద్దాం ఎండాకాలమంతా సాగింది.

ఒకరోజు ఆయనే వెతుక్కుంటూ వచ్చాడు. డబ్బిచ్చిన సంస్థవాళ్లు బోరింగు నడుస్తుందో లేదో తనిఖీ చేయడానికి మర్నాడు వస్తున్నారని చెప్పాడు. నానమ్మ ముఖం వెలిగిపోయింది. ఇక మనం చెప్పుకునే పని లేదు, వాళ్లే వచ్చి కళ్లారా చూస్తారు అనుకుంది. ఓవర్సీరు మాత్రం ఊరి పెద్ద ఇంటి ముందు మంచం మీద కూర్చుని, మేనమామలా మాట్లాడాడు. బెదిరించలేదు, కసురుకోలేదు. తడిగుడ్డతో గొంతు కోసేవాళ్లకు గొంతు పెంచాల్సిన అవసరం ఉండదు.

"గంత దూరం నుంచి మీ ఊరికొస్తున్నరు. ఎండిన బోరింగు కాడ నిలబెట్టి పంపుతరా? ఊరి ఇజ్జత్ ఏం గావాలె? పొద్దుగాల గొట్టం నిండ నీళ్లు పోయుండ్రి. జరసేపు వస్తయి, సాలు" అన్నాడు.

ఇజ్జత్ అనేసరికి ఊరి పెద్ద తల ఊపాడు. ఆయన వెనక అందరూ ఊపారు. నానమ్మ ఒక్కతే లేచి నిలబడింది.

"వాళ్లు సుట్టాలు గాదు. సూడనీకి వస్తున్నరు. సూడనియ్యిండ్రి" అంది.

ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని అందరూ నవ్వారు.

మర్నాడు తెల్లవారగానే ఆడవాళ్లంతా వాగులోకి దిగారు. చెలమల్లో ఊరిందంతా తోడి, కుండలతో మోసి బోరింగులో పోశారు. ఆ పూట మా పిల్లలకు తాగడానికి మిగల్లేదు. దాహం అని మా తమ్ముడు ఏడుస్తుంటే, చుట్టాలు వెళ్లనీ అని అమ్మ ఊరుకోబెట్టింది. గద్దె కడిగారు, వాకిళ్లు అలికారు, మామిడాకులు కట్టారు. పెళ్లికి కూడా మా ఊరు అంత అందంగా ఉండేది కాదు.

జీపుల్లో దిగినవాళ్లలో ఒక పొడుగాటి దొరసాని ఉంది. ఆమె చెడ్డది కాదు. చెడ్డదైతే తిట్టుకుని ఊరుకునేదాన్ని. చెప్పులు విప్పి గద్దె ఎక్కి, తనే బోరింగు కొట్టింది. నీళ్లు పడ్డాయి. దోసిలి పట్టి తాగి, తియ్యగా ఉన్నాయని సైగ చేసింది. అవి మా చెలమ నీళ్లు. అందరూ చప్పట్లు కొట్టారు.

అప్పుడు నానమ్మ నా చెయ్యి పట్టుకుని గద్దె ఎక్కించింది. "కొట్టు బిడ్డా, ఆపకు" అంది. ఇద్దరం ఆ ఇనుప చెయ్యికి వేలాడుతూ కొట్టాం. ధార సన్నబడింది, చుక్కలైంది, ఆగిపోయింది. బోరింగు ఉబ్బసం రోగిలా ఎగశ్వాస తీసింది. నానమ్మ దొరసాని వైపు తిరిగి చెప్పింది. "అమ్మా, ఇవి మేం పొద్దున పోసిన నీళ్లు. దీంట్ల ఏం లేదు. నా మనవడికి వాగు నీళ్లు పడయి. లోతు దింపియ్యి."

దొరసాని ఓవర్సీరు వైపు చూసింది. ఆయన ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. ఆమె కళ్లు చెమ్మగిల్లాయి. వంగి మా నానమ్మకు రెండు చేతులూ జోడించింది. పక్కనే ఉన్న మా తమ్ముణ్ని చంకకు ఎత్తుకుంది. ఎవరో ఫోటో తీశారు.

మాకు ఇంగ్లీషు రాదు. కానీ తప్పు ఎత్తిచూపిన మనిషికి అలా తడి కళ్లతో దండం పెట్టరని తెలుసు. నానమ్మ మాట దొరసాని దాకా పోలేదు, దాని బదులు ఏదో కృతజ్ఞత పోయింది. నానమ్మ నా చెయ్యి వదలకుండానే గద్దె దిగింది. జీపులు వెళ్లాక ఓవర్సీరును ఒక్క మాట అనలేదు. "మన నీళ్లు మనమే పోసి, మన నోరు మనమే మూసుకున్నం" అని ఊరివాళ్ల ముఖం మీదే అంది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఆ వానాకాలం మా తమ్ముడు పోయాడు. వాగు పొంగి దారి లేదు, దవాఖానా దాకా చేర్చలేకపోయాం.

నీళ్లు తగ్గాక ఊరి పెద్ద సిగ్గు చంపుకుని ఆఫీసుకు వెళ్లి, ఇంకో బోరింగు కావాలని అడిగాడు. మీ ఊరి బోరింగు బాగుంది, దొరసాని స్వయంగా తాగి చూసింది కదా అన్నారట. పోయమన్నది ఓవర్సీరే అయినా, పోసినవి మా కుండలే.

మా తమ్ముడి ఫోటో మా ఇంట్లో ఒక్కటీ లేదు. వాడికి జీవితంలో తీసిన ఫోటో అదొక్కటే. అది ఏ దేశంలో, ఏ గోడ మీద ఉందో. దాన్ని చూసినవాళ్లు, ఈ బిడ్డ మన నీళ్లతోనే బతికాడని సంతోషపడి ఉంటారు.

ఇప్పుడు మా ఊళ్లో ఇంటింటికీ నల్లా ఉంది. నీళ్లు వచ్చే రోజు వస్తాయి, రాని రోజు రావు. తనిఖీకి మాత్రం ఏడాదికోసారి ఎవరో ఒకరు వస్తారు, ఫోన్లలో ఫోటోలు తీసుకుంటారు. మొన్న వచ్చినప్పుడు కూడా నా కోడలు బిందె నుంచి చెంబు నింపుకుని ఎదురు వెళ్లబోయింది. నేను చెంబు మీద చెయ్యి అడ్డం పెట్టాను.

"పెద్దమ్మా, ఎండల పడొచ్చినం, జర మంచినీళ్లు ఇయ్యవా?" అన్నాడు వాళ్లలో ఒకడు.

"అగో నల్లా. తిప్పు బిడ్డా. వస్తే తాగు" అన్నాను.

ఎండిన గొంతుతో మనిషిని పంపే ముసలిదని ఊళ్లో నన్ను ఆడిపోసుకుంటారు. మా ఊళ్లో అంతకన్నా పెద్ద తప్పు లేదు. అయినా, అతను నల్లా తిప్పి వంగి చూస్తున్నంతసేపూ నేను చెంబు మీద నుంచి చెయ్యి తియ్యలేదు.