మా రేగడి మన్ను, మా మరదలు

మా మరదలికి మన్ను కావాలట అని తెలిసిన రోజు నుంచే నాకు కడుపుమంట మొదలైంది. ఆమె నా తమ్ముడి భార్య, హైదరాబాదులో ఏదో ఇంజనీరింగు కాలేజీలో పాఠాలు చెబుతుంది. చమురు బావులు తవ్వేటప్పుడు రంధ్రంలోకి ఒక రకం బురద పంపిస్తారట. అది లోపలి రాతిపొడిని పైకి మోసుకొస్తుంది, గోడలు కూలకుండా పూతలా అంటుకుంటుంది. మన దగ్గరి రేగడిని బాగుచేస్తే ఆ బురదకు పనికొస్తుందా అన్నది ఆమె పరిశోధన. అందుకని సెలవు పెట్టి, కోడేరులో మా నాయిన దగ్గరకొచ్చి దిగింది.

నేనుండేది వనపర్తిలో. అంతకు ముందు ఏడాది, డాబా మీద కుండీల్లో మల్లెచెట్లు పెట్టుకుందామని నాయినను ఒక్క సంచెడు చేని మన్ను అడిగాను. చెరువు ఒండ్రు తోలించి బలం చేసిన నేల, అందులోంచి తీస్తే ఎట్లా అని ముఖం చిట్లించాడు. నేను మళ్లీ అడగలేదు. అదే మనిషి, కోడలు నోరు తెరవగానే ఆ ఒండ్రు మన్నే గంపలకొద్దీ ఎత్తించి తెచ్చాడు. పంట పండే మన్ను అన్నిటికీ మంచిదేనని ఆయన నమ్మకం. ఆమె చూసి, ఇందులో పెంట, కుళ్లిన ఆకు ఎక్కువ, కింది మన్ను కావాలంది. నాయిన నొచ్చుకుంటాడని ఆశపడ్డాను. ఎక్కడ? మర్నాడే చేని మధ్యలో నడుములోతు గుంత తవ్వించాడు.

ప్రతి ఆదివారం వెళ్లేదాన్ని. చూస్తే ఒళ్లు మండేది, చూడకపోతే తోచేది కాదు. నాయిన కళ్లద్దాలు పెట్టుకుని కొట్టంలో పీట మీద కూర్చుని, మన్నులోంచి సున్నపు రాళ్లు ఏరుతుండేవాడు. మా అమ్మ బతికున్నన్నాళ్లూ బియ్యం చేట ముట్టని మనిషి. నన్ను చూడగానే, జర చాయ్ పెట్టు బిడ్డా, నీ మరదలు పొద్దటి నుంచి పని మీదుంది అనేవాడు. పెట్టేదాన్ని. ఆమె కప్పులో చక్కెర తక్కువ వేసేదాన్ని.

కింది మన్ను కూడా మొదట మాట వినలేదు. గ్లాసు నీళ్లలో కలిపితే కాసేపటికే అడుగున కూర్చుంది, పైన నీళ్లు తేటగా నిలిచాయి. నాకు హాయిగా అనిపించింది. ఆమె మాత్రం కొంచెం బట్టల సోడా కలిపి, తడిపి పిసికి, మీద తడి గోనెపట్టా కప్పి కొన్నాళ్లు నాననిచ్చింది. తర్వాత ఎండబెట్టి, దంచి, జల్లించింది. సోడా ఎక్కువైనప్పుడు బురద మళ్లీ పలచబడింది. ఇద్దరూ మళ్లీ మొదటికొచ్చి పనిలో పడ్డారు. వీళ్లు మామాకోడళ్లు కాదు, దోస్తులు అని వాడకట్టులో నవ్వుకునేవారు. నేనొక్కదాన్నే నవ్వలేకపోయాను.

చివరికి కుదిరింది. పొడి నీళ్లలో ఉబ్బి, ఎంతసేపు వదిలేసినా అడుక్కి దిగలేదు. గరాటులో పోస్తే నీళ్లలా జారిపోకుండా నిదానంగా దిగింది. ఆ ఆదివారం నాయిన గ్లాసు పట్టుకుని వాకిట్లోనే నాకు ఎదురొచ్చాడు. నాకు ఉద్యోగం వచ్చిన రోజు కూడా ఆయన ముఖంలో అంత సంబరం చూడలేదు. ఇక ఆగలేకపోయాను.

"నేను సంచెడు మన్నడిగితే మొఖం మాడ్సుకున్నవ్. ఆమెకు చేనే తవ్విచ్చినవ్. నేనేం పాపం చేసిన నాయినా?"

ఆయన గ్లాసు అరుగు మీద పెట్టాడు.

"నీకియ్యకున్నా వస్తవ్ బిడ్డా. ఆమెకిస్తెనే ఉంటది."

ప్రేమతో అన్నాడో, నన్ను లెక్కచేయక అన్నాడో, వనపర్తి చేరేదాకా తేల్చుకోలేకపోయాను. తర్వాతి ఆదివారం వెళ్లలేదు. కావాలనే వెళ్లలేదు. ఆపై ఆదివారమూ ఇంట్లోనే కూర్చున్నాను. మధ్యాహ్నం ఫోను మోగింది. మరదలు.

"వదినె, మామయ్య పొద్దటి నుంచి బస్సొచ్చే దిక్కే చూస్కుంట కూసున్నరు. నేను పిలిస్తే పలుకుతలేరు, అన్నం పెడితే ముడుతలేరు. మీరొస్తెనే తింటరంట."

చివరి మాట ఆమె విసురుగా అంది. అందులో ఉన్నదేమిటో నాకు బాగా తెలుసు. ఇన్నాళ్లూ నేను మోసింది అదే. వస్తున్నానని చెప్పి, స్టాండుకు వెళ్లి, ముందొచ్చిన బస్సును కావాలనే పోనిచ్చాను.